ఏ పాట కొట్టాలె?

మా గురించి రాసిన చరిత్రల్లో రెండు రకాల ముస్లింలే కనబడతారు. గద్దె మీద కూర్చున్న నవాబు ఒకడు, కత్తి పట్టిన రజాకారు ఇంకొకడు. మూడో రకం లేరా అని అడిగితే సెక్యులర్ మిత్రులు శ్రీరంగంలో నాదస్వరం ఊదిన షేక్ చినమౌలానా సాహెబ్‌నో, కాశీలో షెహనాయి ఊదిన బిస్మిల్లాఖాన్‌నో తీసుకొచ్చి నిలబెడతారు. కామారెడ్డిలో ఎర్ర కోటు తొడుక్కుని, మెడలో సైడ్ డ్రమ్ము తగిలించుకుని, రోడ్డు పక్కన బరాత్ కోసం ఎదురుచూసే సాయిబు మాత్రం ఏ పుస్తకంలోకీ రాడు.

మేం రాయదలచుకున్నది అతని గురించి. అతను ఎవరి కోసం వాయించాడు, ఏం వాయించాడు, ఏ పాట వాయించాలో ఎట్లా ఎంచుకున్నాడు అన్నదాని గురించి. పాట ఎంచుకోవడంలో చరిత్ర ఏముంటుందని కొందరికి అనిపించవచ్చు. మా బస్తీల చరిత్ర ఎక్కడైనా రాసి ఉందంటే అది బ్యాండు మాస్టర్ జేబులోని పాటల కాపీలోనే ఉందని మా నమ్మకం.

కామారెడ్డి, ఎల్లారెడ్డి అంటే నిన్నమొన్నటిదాకా నిజామాబాద్ జిల్లా. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా అయింది. (ఎల్లారెడ్డి అంటే నిజాంసాగర్ దారిలో ఉన్న ఎల్లారెడ్డి. కామారెడ్డి పక్కనే అడ్లూర్ ఎల్లారెడ్డి అని ఇంకో ఊరుంది. బయానా ఇచ్చినవాడు ఏ ఎల్లారెడ్డో సరిగా చెప్పక మేళం మొత్తం తప్పు ఊర్లో దిగిన కథలు మా ఇండ్లల్ల నవ్వుకోవడానికి పనికొస్తాయి.) కామారెడ్డికి రైలు ఉంది, బెల్లం మార్కెట్టు ఉంది. ఎల్లారెడ్డికి పోచారం నీళ్లున్నాయి, మంజీర దగ్గర. మిగతాదంతా చెరువుల కింద, బోర్ల కింద సేద్యం. 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్ నీళ్లు కిందికి బాన్సువాడ, బోధన్ వైపు పోయాయి. పైసలూ అటే పోయాయి. అందుకే మా మేళాలు పెండ్లిళ్ల కాలంలో అటువైపు వరి పండే ఊర్లకే ఎక్కువగా తిరిగేవి. తర్వాత దుబాయ్, సౌదీ పైసలొచ్చాక మెట్ట ఊర్లల్ల కూడా పెండ్లికి బ్యాండు కావాలన్నారు. బ్యాండు కొట్టే పిల్లలు కొందరు అదే దుబాయ్‌కి కూలీలుగా పోయారు.

మొదట వాద్యాల సంగతి చెప్పాలి. మన ఊర్లో వాద్యానికి కులముంది. సన్నాయి, డోలు మంగలోళ్లవి. డప్పు మాదిగలది. ఒగ్గు డోలు గొల్ల కురుమల దేవుళ్లది. జమిడిక బైండ్లోళ్లది. తాళి కట్టే నిమిషంలో ఎవరు వాయించాలో, చావుకు ఎవరు వాయించాలో, ఎవరు పందిరి లోపల కూర్చోవాలో, ఎవరు వాకిట్లో నిలబడాలో ముందే రాసిపెట్టి ఉంది. ఈ పట్టికలో ముస్లింకి చోటు లేదు. ఫకీరు డఫ్ కొడితే అది అతని అడుక్కునే హక్కు. పీర్ల పండుగకు డప్పు మోగితే అదీ మాదిగ అన్నలదే.

అట్లాంటి చోటికి ఇత్తడి వాద్యం వచ్చింది. అది పల్టన్ల నుంచి వచ్చింది. తెల్లదొరల పటాలాలకు బ్యాండు ఉంటే సంస్థానాధీశులూ తమ దగ్గర పెట్టుకున్నారు. సికింద్రాబాద్‌లో కంటోన్మెంటు, హైదరాబాద్‌లో నిజాం సైన్యం. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల అశ్వదళానికీ బ్యాండు ఉండేది. ఆ దళం పేరే ఇప్పటికీ ఏసీ గార్డ్స్ అనే బస్తీగా మిగిలింది. ఇత్తడి వాద్యాలు చేసే పట్నం మీరట్. అక్కడి జలీ కోఠీలో నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. దాన్ని పెట్టినవాడు కూడా సైన్యం బ్యాండులో పనిచేసినవాడే. దేశంలో చాలా ఊర్ల బ్యాండు వాద్యాలు మీరట్ నుంచి వచ్చినవే.

క్లారినెట్, ట్రంపెట్, యుఫోనియం, సైడ్ డ్రమ్ము - వీటికి మన శాస్త్రాల్లో కులం రాసి లేదు. కొత్త వాద్యం కాబట్టి ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. మా తాతలు పట్టుకున్నారు. మాదిగలు, మాలలు, మంగలోళ్లు కూడా పట్టుకున్నారు. ఒకే మేళంలో నలుగురు షేక్‌లు, ఇద్దరు మాదిగలు, ఒక మంగలి క్లారినెట్ మాస్టర్ ఉండడం మాకు కొత్త కాదు. ఎర్ర కోటు తొడిగాక ఎవరు ఎవరో చూసేవాళ్లకు తెలియదు. కోటు విప్పాక తెలుస్తుంది. పెండ్లింట్ల బంతిలో విస్తరి ఎక్కడ వేస్తారన్న దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్ జరిగింది. దాని గురించి మా పెద్దలు మాట్లాడినదానికంటే మాట్లాడనిదే ఎక్కువ. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువగా లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారంది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. ఎక్కువగా దెబ్బతిన్నవని అందులో చెప్పిన జిల్లాల్లో బీదర్, నాందేడ్ ఉన్నాయి. రెండూ మాకు పక్క జిల్లాలే. ఆ మరుసటి ఏడు, 1949లో జాగీర్లు పోయాయి. జాగీర్లు పోవాల్సినవే, దానికి మేం ఏడవడం లేదు. కానీ దేవుడీల్లో, పటాలాల్లో వాయించి జీతం తీసుకున్నవాడికి ఆ రోజుతో జీతం ఆగింది. సైన్యంలో చాలాభాగం రద్దయింది. వాయించడం తప్ప ఇంకో పని రానివాడికి మిగిలింది రోడ్డు. రోడ్డు మీద నడిచేది పెండ్లి. పెండ్లి హిందువులదే ఎక్కువ. నిన్నటిదాకా నవాబు సలాముకు వాయించిన కూర్పు ఇప్పుడు ఎవరికి కావాలి? అక్కడ మొదలైంది మా పాటల ఎంపిక.

సుందర్‌లాల్ లెక్కలో లేనిది ఒకటుంది. ఆ రోజుల తర్వాత ఒక ముస్లిం గుంపుగా నడిరోడ్డు మీద నడవాలంటే, గట్టిగా చప్పుడు చేయాలంటే, ఎవరూ అనుమానించకుండా ఉండాలంటే దారి ఏముంది? ఎర్ర కోటు తొడుక్కుని వేరేవాళ్ల పెండ్లి ముందు నడవడం ఒక దారి. ఇది మా ఊహ అని ఎవరన్నా కొట్టిపారేయవచ్చు. మా ఇండ్లల్ల దాన్ని ఊహ అనుకోరు.

ఇప్పుడు కాపీ దగ్గరికొద్దాం. పొడుగ్గా ఉండే లెక్కల కాపీలో మా చిచ్చా పాటల పేర్లు రాసుకునేవాడు. అన్నీ ఉర్దూ లిపిలోనే. సీతారాముల పెండ్లి పాట కూడా కుడి నుంచి ఎడమకే ఉండేది. ఒక్కో పేరు పక్కన చిన్న గుర్తులు: ఏ స్వరం నుంచి ఎత్తుకోవాలి, ఎవరు ముందు ఊదాలి, ఎక్కడ ఆపాలి. స్వరలిపి ఏమీ లేదు. కొత్త సినిమా వస్తే టాకీసుకు నేల టికెట్టు మీద మూడుసార్లు పోయి పాటను చెవిలో పెట్టుకొచ్చేవాళ్లు. తర్వాత రేడియో, ఆ తర్వాత టేపు.

"తర్వాతి పెండ్లికి ఏం కొడదాం?" అన్న ముచ్చట రాత్రి పూట జరిగేది. బయటివాళ్లు అనుకుంటారు, జనానికి ఏది ఇష్టమో అది కొడతారని. అంత సులువు కాదు. ముందు పెదవులున్నాయి. ట్రంపెట్ ఊదేవాడి పెదవి రెండు గంటలు వరుసగా పైస్వరాల్లో నిలవదు. అందుకే రెండు ఉరుకు పాటల తర్వాత ఒక నిదానమైన పాట పడాలి. అందులో క్లారినెట్ ముందుకొస్తుంది, ట్రంపెట్ వెనక్కి తగ్గి ఊపిరి తీసుకుంటుంది. రెండోది పాట గుణం. లతా మంగేష్కర్ సన్నగా పాడిన పాట ఇత్తడి మీద పెడితే కొన్నిసార్లు అరుపైపోతుంది. రఫీ పాట అయితే ట్రంపెట్ మీద బతుకుతుంది. మూడోది కాళ్లు. బరాత్ నడవాలి కదా. నడకకు దరువు కుదరని పాట ఎంత గొప్పదైనా ఇంట్లో వినడానికే. నాలుగోది కొత్తవాడు. మేళంలో కొత్తగా చేరిన పిల్లగాడికి ఎన్ని పాటలొస్తే మేళానికి అన్ని పాటలొచ్చినట్టు.

ఇవన్నీ అయ్యాక దారి చూసుకోవాలి. వరుడి ఇంటి ముందు దేవుడి పాట. అది లేకుండా ఏ పెండ్లిలోనూ మేళం ఎత్తదు. ఎదుర్కోలుకు ఒక రకం, బజారు మలుపులో కుర్రాళ్లు ఎగిరే చోట ఒక రకం, ఆడోళ్లు హారతి పట్టే చోట ఒక రకం, అప్పగింతలకు ఒక రకం. తాళి కట్టే వేళ మేం లోపల లేము. అక్కడ సన్నాయిదే రాజ్యం. ఇత్తడికి పందిట్లో చోటు లేదు, వాకిలే దాని హద్దు. మా సంగీతమంతా గడపకు ఇవతలి సంగీతం.

తెలుగు పెండ్లిలో బ్యాండు తప్పక కొట్టేది 'సీతారామ కల్యాణం' (1961) సినిమాలోని కల్యాణం పాట. గాలి పెంచల నరసింహారావు కట్టిన బాణీ, పి.సుశీల గొంతు. కుర్రాళ్లు అడిగేది 'నాగిన్' (1954) బీన్. హేమంత్ కుమార్ సంగీతం. ఆ బీన్ అసలు బీనే కాదు. కల్యాణ్‌జీ క్లేవియోలిన్ అనే మీటల వాద్యం మీద, రవి హార్మోనియం మీద వాయించిన చప్పుడది. మేం దాన్ని క్లారినెట్ మీదికి తెచ్చుకున్నాం. లేని పాముకు లేని బీన్, దాని ముందు నోట్లో రుమాలు పెట్టుకుని మెలికలు తిరిగే పెండ్లికొడుకు దోస్తు. ఆ రవే తర్వాత 'నీల్‌కమల్' (1968)లో అప్పగింతల పాట చేశాడు. సాహిర్ లుధియాన్వీ రాశాడు, రఫీ పాడాడు. 'ఆద్మీ సడక్ కా' (1977)లో యారు పెండ్లి పాటా రవిదే, రఫీదే. పెండ్లి బ్యాండు అనే సంస్థకు ఎవరి ఫోటో అయినా పెట్టుకోవాలంటే ఆ ఒక్క రవి ఫోటో పెట్టుకోవాలి. పద్మశ్రీ వచ్చినా అతని పేరు బరాత్‌లో ఎగిరేవాడికి తెలియదు.

దేవుడి పాట కింద 'బైజూ బావరా' (1952)లోని హరి దర్శనం పాట కూడా ఉండేది. రాసింది షకీల్ బదాయునీ, బాణీ నౌషాద్‌ది, పాడింది రఫీ. కామారెడ్డి బజార్లో దాన్ని క్లారినెట్ మీద ఊదింది ఇంకో షేక్. విన్నవాళ్లు కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నారు. ఈ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం చాలా తేలిక. సెక్యులర్ సభల్లో మేం చాలాసార్లు ఆ చప్పట్లు విన్నాం కూడా. మా పేచీ అక్కడే.

ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన చినమౌలానా సాహెబ్ దూదేకుల ఇంటి బిడ్డ. తంజావూరు బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో ఊదాడు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. 1999లో పోయాడు. గోసవీడు షేక్ హసన్ సాహెబ్ భద్రాద్రి రాముడి ఆస్థానంలో ఊదాడు. పోయాక 2022లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్ల విద్య ముందు మేం తలవంచుతాం. కానీ వాళ్లను చూపించి మమ్మల్ని అడిగేది ఏమిటి? 'చూడండి, మంచి ముస్లిం ఎట్లా ఉంటాడో' అని కాదా? రాముడి పాట ఊదితేనే మంచి ముస్లిం అయితే, రాముడి పాట ఊదకుండా సున్నం వేసుకుని బతికే వాడి తమ్ముడు ఏమవుతాడు? బ్యాండు సాయిబు హరి పాట ఊదింది సామరస్యం నిరూపించడానికి కాదు. అతనికి అది వచ్చు, దానికి బయానా ముట్టింది, దాన్ని బాగా ఊదడం అతని ఇజ్జత్. కూలీని కూలీగా, కళను కళగా గుర్తించలేనివాళ్లే దాన్ని గంగా జమునా తహజీబ్ అని తీసుకుపోయి అద్దాల బీరువాలో పెడతారు.

ఇంకోవైపు మావాళ్లున్నారు. గాజా బాజా హరాం అంటారు. మా చిన్నప్పుడు ఈ మాట ఇంత గట్టిగా వినబడేది కాదు. గుల్బర్గాలో ఖాజా బందేనవాజ్ 1422లో పోయేనాటికే దక్కన్‌లో సమా మహఫిళ్లు ఉన్నాయి. చిష్తీ సూఫీలకు పాట అల్లా వైపు దారి. వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు గంధం పోతుంటే ముందు మేళం లేకుండా పోయేదా? పీర్ల కొట్టం ముందు అలావ చుట్టూ తిరిగేవాళ్లలో కలిమా చదివినవాళ్లెంతమంది, చదవనివాళ్లెంతమంది? ఇప్పుడు పిల్లకు సంబంధం చూడబోతే 'బ్యాండోళ్ల ఇల్లా?' అని వెనక్కి తగ్గేది మావాళ్లే. పెండ్లికి బ్యాండు పెడితే నికా చదవనని చెప్పే మౌల్వీ సాబ్, సూది నుంచి సూట్‌కేసు దాకా జోడే కీ రఖమ్ తీసుకున్న పెండ్లికి మాత్రం నవ్వుతూ వస్తాడు. దీని మీద మేం ఇంకా చాలా రాయాలి, ఇక్కడ కాదు.

అష్రాఫ్‌లకు మేం బాజావాలాలం. హిందువులకు తురకోళ్ల బ్యాండు. ప్రభుత్వానికి మేం ఏమీ కాదు. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు బీసీ-ఇ జాబితాలో వృత్తుల పేర్లు చాలా వచ్చాయి. ఆ జాబితాలో వాద్యం పేరుతో మాకు కనబడింది ఫకీర్ బుడ్‌బుడ్కీ లాంటివే. అడుక్కునే వాద్యం జాబితాకెక్కింది. బ్యాండు కొట్టేవాడు షేక్ కింద లోపలికి వచ్చాడు కానీ, అతని పనికి అందులో పేరు లేదు.

ఇక రోడ్డు మీద అన్నిటికంటే కష్టమైన చోటు మసీదు.

మసీదు ముందు బాజా అనే తగువు మాది కాదు, మాకంటే చాలా పాతది. 1882లో సేలంలో గుడి ఊరేగింపు బాజా మీద పెద్ద అల్లర్లు జరిగాయి. మరుసటి ఏడు మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి, మెజిస్ట్రేటు న్యాయంగా ఇచ్చే ఆజ్ఞలకు లోబడి ఎవరైనా బజారు వెంట ఊరేగింపు తీయొచ్చంది. 1924లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ కూడా అదే చెప్పింది. ఆ రెండో కేసు ఎవరి మధ్య అనుకున్నారు? ఉత్తరాదిలోని ఔరంగాబాద్ అనే ఊర్లో షియాలు, సున్నీల మధ్య. మొహర్రం ఊరేగింపు మసీదు దగ్గర ఆగి మాతం చేయొచ్చా అన్నది పేచీ. అంటే ఈ దేశంలో ఊరేగింపు హక్కు మీద అందరూ చూపించే తీర్పు ముస్లింలు ముస్లింల మీద వేసుకున్న కేసులోది. అంబేద్కర్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో, ముస్లిం దేశాల్లో మసీదు ముందు సంగీతానికి లేని అభ్యంతరం ఇక్కడెందుకని నిలదీశాడు. ఆ పుస్తకంలో మాకు నొప్పి కలిగించేవి ఎన్నో ఉన్నాయి. ఈ ప్రశ్నకు మాత్రం మేం జవాబు చెప్పుకోవాలి. బాజా శబ్దం వల్ల నమాజు చెడేటట్టయితే ముందు చెడాల్సింది బాజా కొట్టే షేక్ ఈమాన్. అతను అసర్ నమాజు చదివొచ్చి మగ్రిబ్ దాకా బరాత్ కొట్టేవాడు.

కోర్టులు, పుస్తకాలు ఏం చెప్పినా మా మేళాల్లో ఒక పద్ధతి ఉండేది. మసీదు యాభై అడుగులు ఉందనగా మాస్టర్ చేయెత్తుతాడు. ఇత్తడి ఆగుతుంది. సైడ్ డ్రమ్ము ఒక్కటే నడక దరువు మీద ఉంటుంది. మసీదు దాటాక కొత్త పాట ఎత్తుకుంటారు. హనుమాన్ గుడి దగ్గరికొస్తే దేవుడి పాట. చావు జరిగిన ఇంటి ముందు పూర్తిగా మౌనం. ఆ ఇల్లు ఎవరిదైనా సరే. దీన్ని ఎవరూ చట్టం చేయలేదు. పెండ్లోళ్లూ అడిగేవాళ్లు కాదు. పటేలు ఒక్కోసారి తనే వెనక నుంచి "మాస్టర్, మజీదొచ్చె, జర ఆపుండ్రి" అని కేకేసేవాడు. ఏ పాట కొట్టాలి అన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ కొట్టొద్దు అన్నది కూడా కాపీలో అంతే ముఖ్యమైన వరుస.

ఈ పద్ధతి 1990ల తర్వాత మెల్లగా తారుమారైంది. బాబ్రీ మసీదు 1992 డిసెంబర్ 6న కూల్చారు. కామారెడ్డికి, ఎల్లారెడ్డికి అయోధ్య చాలా దూరం. కానీ ఊరేగింపు పాటలకు అంత దూరం అనిపించలేదు. క్యాసెట్లలో కొత్త రకం పాటలొచ్చాయి. వాటిలో దేవుడు తక్కువ, మేము ఎక్కువ.

భాద్రపదంలో ముహూర్తాలుండవు. ఆషాఢం, పుష్యం కూడా బ్యాండోడికి పస్తే. ఆ నెలల్లో సున్నాలు, పంక్చర్లు, ఆటోలు. ఇంట్లో ఆడోళ్ల బీడీలు. భాద్రపదంలో మాత్రం వినాయకుడున్నాడు. తొమ్మిది రోజులు, పదకొండు రోజులు, నిమజ్జనం. చిచ్చా నవ్వుతూ అనేవాడు: "రంజాన్‌లో అల్లా, భాద్రపదంలో గణపతి, మధ్యలో మనమే చూసుకోవాలె." గణపతి ముందు మేం ఎన్నేళ్లు వాయించామో లెక్క లేదు. అక్కడ కొట్టే పాటలు మాకు భారం కాలేదు. ఆర్తి పాటను మా తమ్ముడి కంటే బాగా క్లారినెట్ మీద పలికించినవాడు లేడని మండపం పిల్లలే చెప్పేవాళ్లు.

తర్వాత మండపం పిల్లలు మారారు, లిస్టు కూడా మారింది. లిస్టు వాళ్లే రాసుకొచ్చేవాళ్లు. "మాస్టర్, మజీదు కాడ ఆపొద్దు. ఈ పాట అక్కడనే ఎత్తుకోవాలె." ఆ పాటేమిటో మేం ఇక్కడ రాయం. మేళంలో సగం మంది షేక్‌లని ఆ పిల్లలకు తెలుసు. తెలుసు కాబట్టే అడిగారని మాకు తర్వాత అర్థమైంది. మసీదు ముందు మసీదును తిట్టే పాట సాయిబుతోనే ఊదించడం! బయానా ముట్టి ఉంది. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి ఆ తొమ్మిది రోజుల మీదే ఉన్నాయి.

చిచ్చా ఏం చేశాడు? "ఆ పాట మాకు రాదు బిడ్డా" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఏ పాటా రాదని అనని మనిషి. ఒకసారి వింటే రెండోసారి ఊదే మనిషి. మా దృష్టిలో అతను చేసిన ఎంపికల్లో అది అన్నిటికంటే పెద్దది. కాపీలో ఆ పాట పేరు రాయలేదు, కొట్టేయనూ లేదు. అసలు దానికి వరుసే లేదు. ఆ ఏడు వాళ్లు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు డీజే పెట్టుకున్నారు.

డీజేకి పెదవులు లేవు, అలసట లేదు. యాభై అడుగుల ముందే చేయెత్తే మాస్టరూ ఉండడు. అది అన్ని పాటలూ వచ్చిన యంత్రం. మసీదు ముందూ అదే గొంతు, దవాఖానా ముందూ అదే గొంతు, చావింటి ముందూ అదే గొంతు. బ్యాండు పోయిందని మేం బాధపడితే 'టెక్నాలజీ మారితే వృత్తులు పోవా?' అంటారు. పోతాయి. మా మేళాలు కూడా ఊరికే కూర్చోలేదు. తోపుడు బండి మీద క్యాషియో ఎక్కించాం, మైకు పెట్టాం, ప్యాడ్లు తెచ్చాం, పాడే పిల్లగాణ్ణి పెట్టుకున్నాం. టెక్నాలజీతో మాకు తగువు లేదు. పాట ఎంచుకునే పని వాయించేవాడి చేతిలోంచి పోయింది, అది మా తగువు. ఇప్పుడు పాట ఎంచుకునేది ఫోన్ పట్టుకున్నవాడు. అతనికి దారిలో ఎవరున్నారో అక్కర్లేదు. రాత్రి 10 తర్వాత చప్పుడు వద్దని 2000 నాటి నిబంధనలున్నాయి. 2024లో హైదరాబాద్ పోలీసులు మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ నిషేధం కావాలని అడిగినవాళ్లలో ముస్లిం పెద్దలూ ఉన్నారు. ఎందుకంటే మిలాద్ జులూసుల్లో మా పిల్లలు కూడా డీజే పెట్టి, మా దర్గా ముందు మా ముసలోళ్ల చెవులు పగిలేట్టు కొట్టారు. యంత్రానికి మతం లేదని ఈ విధంగా తేలింది.

2023లో మిలాద్, నిమజ్జనం ఒకే రోజు పడ్డాయి, సెప్టెంబర్ 28. హైదరాబాద్‌లో మిలాద్ జులూసును అక్టోబర్ 1కి జరుపుకున్నారు. పత్రికలు మెచ్చుకున్నాయి, మేమూ సంతోషించాం. మా బస్తీలో మాత్రం వేరే మాట నడిచింది. వెనకటి రోజులైతే అది ఒకే మేళానికి ఒకే రోజు రెండు బయానాలు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి కొట్టి, రెండు చోట్లా తిని, తెల్లారి పడుకునేవాళ్లం.

ఇప్పుడు మా వైపు మేళాలు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉన్నవాటిలో కొత్తగా క్లారినెట్ పట్టేవాడు లేడు. పదేళ్లు నేర్చుకుంటే వచ్చే విద్యకు ఏడాదిలో నలభై రోజుల పని. ఏ అయ్య తన కొడుక్కు చెబుతాడు? అయినా డీజేల మీద పోలీసు కేసులు పెరిగాక, పెండ్లి ఫోటోల్లో ఎర్ర కోట్లు బాగుంటాయని కొందరు మళ్లీ అడుగుతున్నారు. ఫంక్షన్ హాల్ గేటు నుంచి మెట్ల దాకా, పావుగంట. బరాత్ కాస్తా పావుగంటయింది.

కార్తీకంలో ముహూర్తాలున్నాయి. ఎల్లారెడ్డి పక్క ఊరు పెండ్లి ఒకటి కుదిరింది. మొన్న రాత్రి మేళంవాళ్లు కూర్చున్నారు. చిచ్చా కాపీ తీశారు. ఉర్దూ చదవడం వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు. అతను పేర్లు చదువుతుంటే చిన్నోడు ఫోన్‌లో తెలుగులో రాసుకున్నాడు. దేవుడి పాటకు మొదట సీతారాముల కల్యాణం పెట్టారు. నాగిన్ ఉంచారు. రవి చేసిన అప్పగింతల పాట కావాలని వధువు తండ్రే అడిగాడట. కొత్త సినిమా పాటలు ఐదు పెట్టారు, రెండు ఇత్తడి మీద నిలవవని తీసేశారు. ఊర్లోకి పోయే దారిలో మసీదు ఉందా అని మాస్టర్ అడిగాడు. ఉందన్నారు. గుడి? అదీ ఉంది, మసీదుకు ముందే. అయితే గుడి దగ్గర దేవుడి పాట ఎత్తుకుని మసీదు వచ్చేలోపు అయిపోయేంత చిన్నగా కట్టాలి. ఎన్ని అడుగులుంటాయో పొద్దున నడిచి చూసి రమ్మని చిన్నోణ్ణి పంపారు.